దుఃఖ నిర్ధారణాధికారి

పిన్నింటి లోకనాథానికి నలభై నాలుగేళ్లు. జిల్లా కేంద్రంలో లెక్కల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఏ మండలంలో ఎంత వాన పడింది, ఎన్ని గేదెలు ఈనాయి, అరటి ఎన్నెకరాల్లో వేశారు, ఇవన్నీ పట్టికల్లోకి ఎక్కించడం ఆయన ఉద్యోగం. అది పొట్టకూటికి. జీవితానికి వేరే ధ్యేయం ఉంది. టీవీకి తగిలించి ఆటలాడుకునే గేమ్ కన్సోళ్లలో త్రిశూల్ అనేది, మెరిడియన్ అనేదానికంటే ప్రతి నెలా ఎక్కువ అమ్ముడుపోవాలి. అంతే.

త్రిశూల్ కంపెనీలో ఆయనకి వాటా లేదు, ఉద్యోగం లేదు, చుట్టాలెవరూ లేరు. లోకనాథం అనే మనిషి భూమ్మీద ఉన్నాడన్న సంగతి ఆ కంపెనీకి తెలీదు. అయినా పదకొండేళ్లుగా దాని గౌరవాన్ని భుజాన మోస్తున్నాడు. ప్రతి నెలా పదో తారీఖున అమ్మకాల లెక్కలు వస్తాయి. గెలిస్తే ఆ లెక్కని నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో, రెండు ఫేస్‌బుక్ పేజీల్లో పంచాలి. ఓడితే, సరుకు సకాలంలో రాలేదనీ, మెరిడియన్ వాళ్లు పాతవాటినీ కొత్తవాటిలో కలిపేశారనీ నెలాఖరుదాకా వివరించాలి. ఇంత పని పెట్టుకున్న మనిషికి ఆడుకోడానికి తీరికెక్కడిది? ఆయన త్రిశూల్ టీవీ కింద, ఇంటావిడ అల్లిన ఊలు గుడ్డ కప్పుకుని, పూజలందుకోని దేవుడిలా కూర్చుని ఉంటుంది. ఆఖరిసారి మూడేళ్ల కిందట దసరా సెలవుల్లో కారు పందెం ఆడాడు. కారు గోడకి గుద్దుకుంది. కట్టేశాడు.

మెరిడియన్ వర్గంలో ఆయనకి బద్ధశత్రువు ఎవరో కాదు, సొంత అక్క కుసుమ భర్త. మండల సన్యాసిరావు, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. కిందటేడు వాళ్ల పాతికేళ్ల పెళ్లిరోజు భోజనాల్లో, సన్యాసిరావు స్వయంగా సాంబారు వడ్డిస్తూ, "ఏరా లోకం, మీ త్రిశూల్‌ని ఇప్పుడు కిలోల్లెక్కన అమ్ముతున్నారటగా?" అన్నాడు. లోకనాథం పెరుగన్నం దాకా రాకుండానే విస్తరి మడిచేశాడు. ఆ రోజు నుంచి బావా బావమరుదులకి మాటల్లేవు.

ఇలా ఉండగా ఫిబ్రవరిలో మన జిల్లాలో మెరిడియన్ అమ్మకాల్లో ఇరవై మూడు పెట్టెల ఆధిక్యంతో నెగ్గింది. దాని అభిమానులు బ్యాండు మేళంతో ఊరేగింపు తీశారు. త్రిశూల్ అభిమానులు గంటస్తంభం దగ్గర నల్ల రిబ్బన్లు కట్టుకుని బైఠాయించారు. ఊరేగింపు వచ్చి బైఠాయింపుకి తగులుకుంది. మధ్యలో ఒక మంత్రిగారి కారు రెండు గంటలు ఇరుక్కుపోయింది. ఈ రభసలో ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, మంత్రిగారు ఆ వేళకి తినాల్సిన పెసరట్టు తినలేకపోయారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "క్రీడాయంత్ర విక్రయ వ్యత్యాస జనిత భావోద్వేగ క్రమబద్ధీకరణ విభాగము" అని కొత్త శాఖ పెట్టి, మన జిల్లాలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టమన్నారు. దానికి ప్రత్యేకాధికారిగా దామెర హయగ్రీవరావు గారు దిగారు. ఆయన మామూలుగా మాట్లాడినా సర్క్యులర్ చదువుతున్నట్టే ఉంటుంది.

లెక్కలు తెలిసినవాడు కావాలని లోకనాథాన్ని పిలిపించారు.

"మీ గృహమునందు సదరు యంత్రము ఏదైనా కలదా?"

"ఉందండి. త్రిశూల్."

"దానిపై తుదిసారి ఎప్పుడు ఆడియున్నారు?"

"మూడేళ్లయిందండి."

హయగ్రీవరావు గారి ముఖం విప్పారింది. "భేష్. కలిగి ఉండియు వాడని వ్యక్తి. ఇంతకు మించిన నిష్పాక్షికత మాకు లభింపదు. మిమ్మల్ని దుఃఖ నిర్ధారణాధికారిగా నియమించుచున్నాము."

పదకొండేళ్ల భక్తిని ఒక్క వాక్యంలో కొట్టిపారేసినట్టయింది లోకనాథానికి. కానీ తలుపుకి కొత్త బోర్డు కొట్టారు, కుర్చీకి చేతులున్నాయి. ఊరుకున్నాడు.

నిబంధనలు సులువైనవే. అమ్మకాల లెక్క ప్రతి నెలా పదో తారీఖు పదకొండు గంటలకి విభాగమే ప్రకటిస్తుంది. గెలిచిన పక్షం ఆనందానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆనందం ఆధిక్యానికి మించరాదు. పది పెట్టెల తేడాకి ఒక చిచ్చుబుడ్డి, వంద దాటితే బ్యాండు, అదీ సన్నాయి లేకుండా. ఓడిన పక్షం దుఃఖ పత్రం మూడు ప్రతుల్లో నింపి, గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేసుకుంటే ఒక పూట సెలవు. ఆ దుఃఖం నిజమైనదా, సెలవు కోసం పుట్టించినదా అని ఇంటికెళ్లి చూసి రావడం లోకనాథం పని.

మొదటి నెల బాగానే నడిచింది. రెండో నెలలో హయగ్రీవరావు గారికి అసలు చిక్కు కనబడింది.

"లోకనాథం గారూ, జిల్లా జనాభాలో తొంభై ఆరు శాతం మంది ఆనందమునకు గాని, దుఃఖమునకు గాని దరఖాస్తు చేసికొనలేదు."

"వాళ్లకి ఈ కన్సోళ్ల గొడవే తెలీదండి."

"నిర్లిప్తత శాంతిభద్రతల సమస్య కాదని మీరు భావించవచ్చును. అది విభాగభద్రత సమస్య. తొంభై ఆరు శాతం మందికి భావోద్వేగమే లేనిచో మనం దేనిని క్రమబద్ధీకరింతుము?"

దాంతో రేషన్ కార్డు ఆఖరి అంకె సరిసంఖ్య అయితే త్రిశూల్ పక్షం, బేసి అయితే మెరిడియన్ పక్షం అని అందరికీ పక్షాలు కేటాయించారు. మండలానికి ఇంత ఆనందం, ఇంత దుఃఖం అని లక్ష్యాలు పెట్టారు. స్పందించని వాళ్లకి నోటీసులు వెళ్లాయి.

మర్నాడు ఉదయమే, రైతుబజారులో కూరలమ్మే గుండ్రు ముత్యాలమ్మ నోటీసు కాయితం పట్టుకుని వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. తట్ట వరండాలో దించి లోపలికొచ్చింది.

"ఏటి బాబూ ఇది? నానేటి తప్పు సేసినాను?"

"తప్పేం కాదమ్మా. నీ కార్డు నంబరు సరిసంఖ్య. అంచేత నువ్వు త్రిశూల్ పక్షం. మొన్న త్రిశూల్ ఓడిపోయింది. నువ్వు బాధపడలేదు."

"అదెవులు బాబూ?"

"మనిషి కాదమ్మా. పెట్టె."

"పెట్టి ఓడిపోనాదా?" ముత్యాలమ్మ కాసేపు ఆలోచించింది. "దెబ్బలేటి తగల్నేదు కదా?"

"లేదులే. నువ్వు బాధపడ్డానని ఇక్కడ వేలిముద్ర వేస్తే చాలు."

ఆవిడ బొటనవేలు సిరా పెట్టెలో ముంచి ఆగింది. "మా ఇంటాయన పోయినప్పుడు మూడు నెలలు ఏడిసినాను బాబూ. ఏ ఆఫీసోడూ వొచ్చి ఎందుకేడస్తన్నావని అడగనేదు. ఇప్పుడీ పెట్టికోసరం ఇంతమంది అడగతన్నారు." ముద్ర వేసి, వేలు చీరకొంగుకి తుడుచుకుని వెళ్లిపోయింది.

లోకనాథం ఆ పత్రం ముందేసుకుని పెన్ను తీశాడు. దుఃఖ పరిమాణం అనే గడిలో ఏం రాయాలో తోచలేదు. చివరికి "తగినంత" అని రాశాడు.

జూన్‌లో త్రిశూల్ ఆరు పెట్టెల ఆధిక్యంతో నెగ్గింది. లోకనాథం పదకొండున్నరకి బాత్రూంలోకి వెళ్లి, కుళాయి విప్పి, అద్దం ముందు నిలబడి చేతులు రెండూ పైకెత్తి, దించి, ముఖం తుడుచుకుని బయటికొచ్చాడు. ఆరు పెట్టెల ఆనందానికి చిచ్చుబుడ్డి కూడా రాదు మరి.

సాయంత్రం వచ్చిన దుఃఖ పత్రాల కట్టలో పై పత్రం మండల సన్యాసిరావుది. దుఃఖ కారణం: "అన్యాయము." దుఃఖ పరిమాణం: "వర్ణనాతీతము."

ఇంటికెళ్లి నిర్ధారించి రావాలి. వేరే వాళ్లని పంపడానికి విభాగంలో వేరే దుఃఖ నిర్ధారణాధికారి లేడు.

శనివారం పొద్దున్న పదింటికి లోకనాథం మెడలో గుర్తింపు కార్డు వేసుకుని అక్క గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు తీసిన కుసుమ అతన్ని చూసి, కార్డు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలీలేదు.

"విచారణకొచ్చానక్కా. బావ దుఃఖంలో ఉన్నాడటగా?"

"ఉన్నారు. వంటింట్లో ఉప్మా తింటున్నారు."

సన్యాసిరావు నోరు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో బిగదీసుకుని కూర్చున్నాడు. లోకనాథం ఆయన ముఖంలోకి చూడకుండా పత్రం చదివాడు.

"దుఃఖం ఎప్పుడు మొదలైంది?"

"పదో తారీఖు, పదకొండు గంటల రెండు నిమిషాలకి."

"ఆకలి మందగించిందా?"

వంటింట్లోంచి కుసుమ, "రెండోసారి పెట్టించుకున్నారని రాయరా!" అంది.

"సదరు యంత్రాన్ని పరిశీలనకి చూపించాలి," అన్నాడు లోకనాథం.

సన్యాసిరావు ఉలిక్కిపడ్డాడు. "యంత్రం ఎందుకు? దుఃఖం నాది గానీ దానిది కాదుగా."

"చూపించండి, ఏమైంది?" అంటూ కుసుమ వచ్చి స్టూలు లాగింది. "బీరువా మీదున్నాయిరా, తీసుకో."

"ఉన్నాయా? ఎన్నేంటి?"

మూడు. మూడు మెరిడియన్ పెట్టెలు. ఒకటి తెరిచి ఉంది. రెండింటికి కంపెనీ వేసిన సీలు కూడా చిరగలేదు. దుమ్ము మాత్రం మూడింటి మీదా సమానంగా పట్టింది.

సన్యాసిరావు కాసేపు ఫ్యాను కేసి చూశాడు. తరవాత మెల్లిగా, "కిందటి డిసెంబర్ గుర్తుందా? పోటీ బాగా దగ్గరగా నడిచింది. ముప్ఫై ఒకటో తారీఖు సాయంత్రం వెళ్లి నేనే రెండు కొన్నాను. ఏ షాపువాడికీ అనుమానం రాకుండా వేరే వేరే షాపుల్లో," అన్నాడు.

లోకనాథం పెన్ను కింద పెట్టాడు. ఆ డిసెంబర్‌లో మెరిడియన్ ఒకే ఒక్క పెట్టె తేడాతో నెగ్గింది. జనవరి నెలంతా అతనికి అన్నం సయించలేదు.

"బావా," అన్నాడు. పదమూడు నెలల తరవాత ఆ మాట నోట్లోంచి రావడం అతనికే వింతగా ఉంది. "ఆ సాయంత్రమే నేనూ ఒక త్రిశూల్ కొన్నాను. మా ఇంట్లో బియ్యం డబ్బా వెనకాల ఉంది. మీ చెల్లెలికి ఇప్పటికీ తెలీదు."

సన్యాసిరావు ఫిజిక్స్ లెక్చరర్ కదా, చప్పున లెక్క కట్టాడు. "అంటే... నా రెండూ, నీ ఒకటీ తీసేస్తే..."

"సమానం."

"మన ఇద్దరి తలకాయలూ లేకపోతే జిల్లాలో ఎవరూ గెలవలేదన్నమాట!"

ముందు కుసుమ నవ్వింది. తరవాత ఇద్దరూ మొదలుపెట్టారు. సన్యాసిరావు కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుంటూ, ఊపిరాడక, మళ్లీ నవ్వాడు.

"ఎలాగూ దించాం గదా, ఓసారి ఆడదాం పద," అన్నాడు.

తెరిచి ఉన్న పెట్టెని టీవీకి తగిలించారు. చేతిలో పట్టుకునే రిమోట్లు రెంటికీ చార్జింగ్ లేదు. అది ఎక్కాక, తెర మీద "కొత్త అప్‌డేట్, మూడు గంటల పది నిమిషాలు" అని వచ్చింది. ఆ మూడు గంటల్లో వాళ్లు కుసుమ మోకాళ్ల నొప్పుల గురించి, సన్యాసిరావు రిటైర్మెంటు గురించి, చచ్చిపోయిన మావయ్య గురించి మాట్లాడుకున్నారు. భోజనాలూ అయ్యాయి. కుసుమ తమ్ముడికి పెరుగు రెండుసార్లు వేసింది. ఆ పెళ్లిరోజు సాంబారు మాట ఎవరూ ఎత్తలేదు.

పందెం మొదలైంది. రెండు కార్లూ వెనక్కి బయల్దేరాయి.

"అటు కాదురా, బాణం గుర్తు ఇటు చూపిస్తోంది!" అని కుసుమ అరుస్తూనే ఉంది. పదకొండేళ్లుగా ప్రపంచానికి కన్సోళ్ల గురించి పాఠాలు చెప్పిన ఇద్దరు మహానుభావులూ గంటసేపు కష్టపడి, మొత్తానికి ప్రారంభ రేఖ దాకా వచ్చారు.

వెళ్లబోతూ లోకనాథం పత్రం తీశాడు. "దుఃఖం నిర్ధారణ కాలేదని రాయాలి బావా. ఇంత నవ్వావు."

"నవ్వితే దుఃఖం పోతుందేంట్రా? ఆరు పెట్టెలు తేడా! అయిందని రాయి."

రాశాడు.

కానీ ఆ మధ్యాహ్నం లోకనాథాన్ని వదల్లేదు. లెక్కలవాడు గనక అతని అంతరాత్మ కూడా పట్టిక రూపంలోనే బాధపడింది. ఇన్ని అమ్ముతున్నారు, ఇంతమంది గెలుస్తున్నారు, ఇంతమంది ఏడుస్తున్నారు, ఇంతకీ ఆడేదెవరు? విభాగం మండలాలకి పంపే జూలై సర్వే పత్రంలో హయగ్రీవరావు గారికి నచ్చే భాషలో ఒక గడి అదనంగా చేర్చాడు: "ఆడువారి సంఖ్య."

జవాబులు వచ్చాయి. జిల్లా మొత్తం మీద ఆడువారు పదకొండు లక్షల ఎనభై ఆరు వేల నాలుగు వందల ఇద్దరు. లోకనాథం రెండుసార్లు కూడి చూశాడు. మండలాలకి ఫోన్లు చేస్తే సంగతి తెలిసింది. సర్వే సిబ్బంది ఆ గడి చదివి, ఆడువారంటే ఆడవాళ్లే గదా అని, జనాభా లెక్కల్లోంచి స్త్రీల సంఖ్య ఎత్తి రాసేశారు.

మళ్లీ పదిహేను రోజులు తిరిగి, కొన్నవాళ్లనందరినీ అడిగి, సరైన లెక్క తీశాడు. గడిచిన నెలలో ఒక్కసారైనా ఆడినవారు రెండు వందల పదకొండు మంది. అందులో తనూ, బావా ఉన్నారు.

రెండు లెక్కలూ తీసుకెళ్లి హయగ్రీవరావు గారి ముందు పెట్టాడు. ఆయన రెండు వందల పదకొండుని చూసి ముఖం చిట్లించారు.

"ఇది ఏమి?"

"నిజమండి."

"అది సరే. మరి ఇది?"

"ఆడవాళ్లండి. మాట అపార్థమైంది."

"ఆడువారు అనగా స్త్రీలు అని నిఘంటువు ఘోషించుచున్నది. కాబట్టి ఈ లెక్క తప్పు కాదు. పై కార్యాలయము వారు వేరొక అర్థమున గ్రహించినచో అది వారి భాషాజ్ఞానమునకు సంబంధించిన విషయము." ఆయన పదకొండు లక్షల కాయితాన్ని తన వైపు జరుపుకున్నారు. "సంతకము చేయుడు."

లోకనాథానికి పెళ్లీడుకొచ్చిన కూతురుంది, ఇంటి లోను ఉంది, చేతులున్న కుర్చీ ఉంది. ఒక అర నిమిషం నిలబడ్డాడు. తరవాత వీరుడిలా పెన్ను తీసి, సంతకం పెట్టేశాడు.

నెల తిరక్కుండా మన జిల్లాని మహిళా క్రీడాయంత్ర వికాసంలో ఆదర్శ జిల్లాగా ప్రకటించారు. వెంటనే పరిశీలక బృందం వస్తోందన్నారు. జాబితాలోంచి ఏదో ఒక పేరు తీసి, ఆవిడ చేత ఆడించి చూస్తారట. చీటీ తీశారు. గుండ్రు ముత్యాలమ్మ.

రెండు రోజులే టైముంది. ముత్యాలమ్మకి శిక్షణ ఇవ్వమని త్రిశూల్ తరఫున లోకనాథాన్నీ, సమతూకం కోసం మెరిడియన్ తరఫున సన్యాసిరావునీ వేశారు. ఆవిడ మధ్యాహ్నం బేరం అయ్యాక తట్ట పక్కన పెట్టి, ఆఫీసులో టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏ మీటకి ఏమవుతుందంటే..." అని సన్యాసిరావు త్వరణం గురించి చెప్పబోయాడు.

"నువ్వుండు బాబూ. ఈ బండి ముందుకెల్లాల, ఎదరోడికి తగలకూడదు. అంతే గదా?"

ముప్ఫై ఏళ్లుగా జనంతో కిటకిటలాడే రైతుబజారులోకి నెత్తిన తట్టతో దూసుకెళ్లిన మనిషి ఆవిడ. "తప్పుకో, తప్పుకో!" అని తెర మీది కార్ల మీద కేకలేస్తూ, రెండో రోజుకి లోకనాథాన్ని మూడుసార్లు, సన్యాసిరావుని ఐదుసార్లు ఓడించింది. ఓడినప్పుడల్లా సన్యాసిరావు రిమోటు సరిగ్గా పనిచెయ్యడం లేదన్నాడు.

పరిశీలన నాడు రాజధాని నుంచి ముగ్గురు అధికారులు వచ్చారు. ముత్యాలమ్మ మొదటి పందెంలోనే అందరికంటే ముందు గీత దాటింది. అధికారులు చప్పట్లు కొట్టారు. హయగ్రీవరావు గారు ఆనందంతో ఒణికిపోయారు. అనుమతి తీసుకోని ఆనందం అది.

బృందం పెద్ద ఆఖరి ప్రశ్నగా, "అమ్మా, మీరు త్రిశూల్ పక్షమా, మెరిడియన్ పక్షమా?" అన్నాడు.

"నానా? నాను ఆడతన్నాను బాబూ."

"అది కాదమ్మా. ఏది గెలవాలని మీ కోరిక?"

"నాను గెలిసినాను గదా." ముత్యాలమ్మ అయోమయంగా లోకనాథం కేసి చూసింది. "ఈ బాబేటి అడగతన్నాడు?"

పెద్దాయన పత్రం తిరగేశాడు. పక్షం రాయకుండా పత్రం ముందుకి కదలదు. రేషన్ కార్డు ప్రకారం రాసుకోండని హయగ్రీవరావు గారు నెమ్మదిగా సూచించారు. ముత్యాలమ్మ అప్పటికే తట్ట నెత్తికెత్తుకుంది. సాయంత్రం బేరానికి వేళయిపోతోందట. మరో పందెం ఆడతావా అని అడిగితే, "రేపొస్తాను, ఉంచండి," అంది.

మర్నాడు వచ్చేసరికి టీవీ, కన్సోలు పంచనామా చేసి స్టోరు గదిలో పెట్టేశారు. ప్రదర్శన పూర్తయింది కనుక వాటి అవసరం తీరిపోయిందని ఫైల్లో రాశారు. ముత్యాలమ్మ తాళం కేసి చూసి, "అయ్యో," అని ఊరుకుంది. విభాగం పెట్టి ఏడు నెలలైంది. లోకనాథం ఏ పత్రమూ లేకుండా గుర్తుపట్టగలిగిన దుఃఖం అదొక్కటే. ఆ మధ్యాహ్నమే ఇంటికెళ్లి, బియ్యం డబ్బా వెనకనుంచి ఆ పెట్టె తీసి, ఇంటావిడ తిట్లన్నీ తిని, ఆటో ఎక్కించుకుని వెళ్లి ముత్యాలమ్మ ఇంట్లో టీవీకి తగిలించి వచ్చాడు. అప్‌డేట్ అయ్యేదాకా కూర్చున్నాడు కూడా.

విభాగాన్ని మరో నాలుగు జిల్లాలకి విస్తరించారు. హయగ్రీవరావు గారు సంచాలకులయ్యారు. లోకనాథం దరఖాస్తు పెట్టుకుని వానలూ గేదెలూ ఉన్న పాత సీటుకి వచ్చేశాడు. ఇప్పుడు ఆదివారాలు బావగారింట్లో ఆడుతున్నాడు. కారు ముందుకే వెళ్తోంది.

డిసెంబర్‌లో పదో తారీఖు ఆదివారం పడింది. లెక్కలు చూడొద్దని ఇద్దరూ ఒట్టేసుకున్నారు. ఫోన్లు రెండూ తీసి కుసుమకి ఇచ్చేశారు. ఏది ఎన్ని అమ్ముడైతే మనకెందుకు, మనం ఆడుకునే మనుషులం అన్నాడు సన్యాసిరావు. నిజమే బావా, ఇన్నేళ్లూ పిచ్చివాళ్లలా బతికాం అన్నాడు లోకనాథం.

పదకొండూ ఐదుకి సన్యాసిరావు, "ఇప్పుడే వస్తాన్రా, ఆట ఆపి ఉంచు," అని లేచాడు. బాత్రూంలో కుళాయి విప్పిన చప్పుడైంది. రెండు నిమిషాలకి తిరిగొచ్చాడు. ముఖం పున్నమి చంద్రుడిలా ఉంది. చేతులు మాత్రం తడవలేదు, చొక్కా జేబులోంచి మూడో ఫోనొకటి తొంగి చూస్తోంది. బుద్ధిమంతుడిలా కూర్చుని రిమోటు అందుకున్నాడు.

లోకనాథం తెర మీదనుంచి కళ్లు తిప్పలేదు. ఒక మలుపు తిరిగాడు. ఇంకో మలుపు తిరిగాడు. మూడో మలుపులో కారు గోడకి గుద్దేశాడు.

"ఎంత తేడా?" అన్నాడు.